చీలిన వేణువుకు దారం కట్టు

ఏసీ గదిలో ఆరిపోయిన వెదురు వేణువు ఊదే రంధ్రం దగ్గర సన్నగా చీలుతుంది. కంటికంటే ముందు చెవికే తెలుస్తుంది: పై స్వరాలు బాగానే పలుకుతాయి, రంధ్రాలన్నీ మూసి ఊదే కింది స్వరం మాత్రం ఉత్త గాలిగా పోతుంది.

వెంటనే జిగురు పూయకూడదు. వేణువునూ తడిగుడ్డనూ ఒకదానికొకటి తగలకుండా జిప్ కవర్లో ఒక రోజు ఉంచాను. వెదురు తేమ పీల్చుకుని చీలిక దగ్గరపడింది. అప్పుడు పల్చటి ఫెవిక్విక్‌ను సూది మొనతో గీత వెంట దించాను. బొట్టు పెద్దదైతే లోపలికి కారి గడ్డకడుతుంది.

అసలు బలం కట్టుదే. నైలాన్ దారాన్ని సెంటీమీటరు వెడల్పున, చుట్టును ఆనుకుని చుట్టు వచ్చేలా, ఊదే రంధ్రానికి రెండు పక్కలా బిగించాలి. మొదట్లోనే దారాన్ని మడిచి ఉచ్చులా పెట్టుకుంటే, చివరి కొసను అందులో దూర్చి చుట్ల కిందికి లాగేయొచ్చు, ముడి అక్కర్లేదు.

నూనె ఆఖర్న రాయాలి. ముందే రాస్తే జిగురు పట్టదు.