చచ్చిన ఫెర్న్ మొదట్లోంచి రెండు పిలకలు

కొబ్బరిచెట్ల నీడన ఆంజియోప్టెరిస్ అనే పెద్ద ఫెర్న్ పెంచాలని నా పిచ్చి. అడవుల్లో వాగుల పక్కన పెరుగుతుంది, ఆకు 5 మీటర్ల దాకా పోతుంది. మాది కోనసీమ, నీడుంది, తేముంది, ఇంకేం కావాలి అనుకుని కడియం నుంచి తెచ్చాను.

వానాకాలమంతా కళకళలాడింది. వేసవిలో కాలవలు కట్టేశాక బోరు నీళ్లు పోశాను. పది రోజుల్లో ఆకుల కొసలు అగ్గిపుల్లతో కాల్చినట్టు మాడాయి. ఎండదెబ్బ అనుకుని ఇంకో బకెట్ ఎక్కువ పోశాను, అదీ నా తెలివి! బకెట్ అడుగున తెల్లటి పొర చూశాక గానీ వెలగలేదు, ఉప్పు. పైగా మా బంకమట్టిలో నీరు దిగక వేళ్లు కుళ్లి కంపు కొట్టాయి.

తవ్వి పారేస్తుంటే ఆకు కాడ మొదట్లో, రెండు పక్కలా ఉండే కండగల రెక్కలు ఇంకా పచ్చిగా, గట్టిగా కనిపించాయి. ఈ జాతిలో వాటినుంచి కూడా కొత్త మొక్కలు వస్తాయి. నాలుగు కోసి, ఇసుక, కొబ్బరి పొట్టు కలిపిన తొట్టిలో సగం పూడ్చి, పాత దోమతెర కప్పాను. తొలకరి దాకా తాగునీటి టిన్నులోంచే చిలకరించాను, తర్వాత వాన నీళ్లు. రెండు కుళ్లాయి. మిగతా రెండింటికి, ఆశ వదిలేసుకున్నాక, నత్తగుల్లలా చుట్టుకున్న చిగుళ్లు లేచాయి.

ఈసారి ఇటుక ముక్కలు, ఇసుక, మగ్గిన ఆకుతో మడి అడుగు ఎత్తు లేపాను. వేసవికని రెండు డ్రమ్ముల వాన నీళ్లు మూతపెట్టి దాచాను. ఆ మూతల మీద మా ఆవిడ వడియాలు ఎండబెడుతోంది.