మీ పిల్లల 24 క్రెడిట్లు మీరే ఒకసారి లెక్కపెట్టండి (వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్నవాళ్ళకి)

బోతెల్, రెడ్మండ్, సమ్మామిష్ వైపు ఉన్న మనవాళ్ళలో చాలామంది హైస్కూల్ అనగానే ఏపీలు ఎన్ని తీసుకోవాలి, శాట్ ఎప్పుడు రాయాలి అని మొదలుపెడతారు (ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు). నేనూ అదే బాపతు. మా పెద్దమ్మాయి పదకొండో తరగతిలో ఉండగా ఒక రాత్రి డైనింగ్ టేబుల్ మీద ట్రాన్స్‌క్రిప్ట్ పెట్టుకుని చూస్తే, ఎనిమిదిలో చేసిన ఆల్జీబ్రాతో కలిపి లెక్కల్లో కావాల్సినదానికంటే ఎక్కువే ఉన్నాయి గానీ హెల్త్ అర క్రెడిట్ మాత్రం లేదు. ఆ వేసవిలో ఫ్రెండ్సంతా లేక్‌కి పోతుంటే ఇది ఇంట్లో కూర్చుని పౌష్టికాహారం మీద ఆన్‌లైన్ క్విజ్‌లు చేసింది.

కాబట్టి మొదటి పని, ఒక తెల్లకాగితం తీసుకుని గళ్ళు గీయండి. హైస్కూల్ డిప్లొమాకి రాష్ట్రం అడిగేది మొత్తం 24 క్రెడిట్లు (ఏడాది పొడుగునా చదివే క్లాసుకి ఒకటి): ఇంగ్లిష్ 4, లెక్కలు 3, సైన్స్ 3, సోషల్ 3, ఆర్ట్స్ 2, వేరే భాష 2, హెల్త్, ఫిట్‌నెస్ కలిపి 2 (హెల్త్ అర, ఫిట్‌నెస్ ఒకటిన్నర), వృత్తివిద్య 1, ఎలెక్టివ్‌లు (పిల్లలు ఇష్టపడి ఎంచుకునేవి) 4. అయిన క్లాసులు పెన్నుతో, కావాల్సినవి పెన్సిల్‌తో రాయండి. మొత్తం చూసి మురిసిపోవద్దు, ఏ గడి ఖాళీగా ఉందో చూడండి. మన ఇళ్ళల్లో ఎక్కువగా మిగిలిపోయేవి ఆర్ట్స్, హెల్త్, ఎందుకంటే అవి "తర్వాత చూద్దాంలే" క్లాసులు. రోజుకి 6 పీరియడ్లే ఉన్న స్కూల్లో నాలుగేళ్ళకి సరిగ్గా 24 వస్తాయి, ఒక్కటి తప్పినా వేసవిలోనో ఆన్‌లైన్‌లోనో పూడ్చుకోవాల్సిందే.

రెండోది, హైస్కూల్ అండ్ బియాండ్ ప్లాన్, అంటే హైస్కూల్లో ఏం చదవాలో, ఆ తర్వాత ఏం చేయాలో పిల్లలు రాసుకునే ప్రణాళిక. ఇది ఏడో తరగతి నుంచే మొదలవుతుంది, డిప్లొమాకి తప్పనిసరి. చాలామంది పిల్లలు దీన్ని క్లాసులో పది నిమిషాల్లో క్లిక్ చేసి పడేస్తారు, కెరీర్ దగ్గర "డాక్టర్" అని కొట్టేసి. మీరు ఒకసారి పక్కన కూర్చుని లాగిన్ చేయించి, నాలుగేళ్ళ కోర్సుల పేజీ తెరిచి, మీ కాగితంతో సరిపోల్చండి. పిల్లలకి నిజంగా ఏం ఇష్టమో అక్కడే బయటపడుతుంది. మా చిన్నోడు "వెల్డింగ్ క్లాస్" అని రాశాడు, వాళ్ళ నాన్న రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత చూస్తే వృత్తివిద్య క్రెడిట్ అలాగే వస్తుందట, సరే అన్నాడు.

క్రెడిట్లతో పాటు గ్రాడ్యుయేషన్ పాత్‌వే (కాలేజీకో ఉద్యోగానికో సిద్ధమని చూపించే దారి) కూడా ఒకటి పూర్తవ్వాలి. రాష్ట్ర పరీక్షలో స్కోరు, ఏపీ, శాట్, వృత్తివిద్య కోర్సుల వరస, ఇలా దారులు చాలానే ఉన్నాయి. మీవాడిది ఏదో కౌన్సెలర్‌ని మెయిల్‌లో అడగండి, మెయిల్ అయితే జవాబు రాతలో ఉంటుంది.

ఇక మనకి పనికొచ్చే అసలు సంగతి: వేరే భాష క్రెడిట్లు తెలుగు పరీక్ష రాసి తెచ్చుకోవచ్చు. పరీక్షలో రాయడం, మాట్లాడడం ఉంటాయి, స్థాయిని బట్టి 4 క్రెడిట్ల దాకా ఇస్తారు. అమ్మమ్మతో ఫోన్‌లో గలగలా మాట్లాడే పిల్లలు కూడా "క్ష" దగ్గర ఆగిపోతారు, అందుకని కనీసం ఒక ఏడాది ముందు నుంచి రోజూ పావుగంట చదివించండి. పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి తెలుగు టైపింగ్ కూడా నేర్పండి, మా వాళ్ళు అక్కడే తడబడ్డారు. పరీక్ష ఎప్పుడు పెడతారో మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌ని అడగండి. బయటి రాష్ట్రాల కాలేజీలకి అప్లై చేసేవాళ్ళు, ఈ క్రెడిట్లు అక్కడ ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి.

రన్నింగ్ స్టార్ట్ గురించి అందరూ అడుగుతారు. పదకొండు, పన్నెండు తరగతుల్లో కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళి చదవచ్చు, ట్యూషన్ ఉండదు, పుస్తకాలు, ఫీజులు, కారు పెట్రోలు మాత్రం మీవే. బాగానే ఉంటుంది, కాకపోతే అక్కడ వచ్చిన గ్రేడ్ కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉండిపోతుంది, పదహారేళ్ళ వయసులో వచ్చిన సి అయినా సరే. మొదటి క్వార్టర్‌లో ఒకటో రెండో క్లాసులతో మొదలుపెట్టించండి.

ఈ కాగితాన్ని వసంతంలో కోర్సుల రిజిస్ట్రేషన్‌కి వారం ముందు మళ్ళీ తీయండి. మాది ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంటుంది, పెన్సిల్ గీతలతో, ఒక మూల పప్పు మరకతో.