లివింగ్ ట్రస్టు: ఇండియా ప్రయాణానికి ముందే చూసుకోవాల్సినవి

డిసెంబరు టికెట్లు బుక్ చేయగానే కాలిఫోర్నియాలో మనవాళ్లు చాలామందికి లివింగ్ ట్రస్టు గుర్తొస్తుంది. బతికుండగానే ఆస్తుల్ని ట్రస్టు పేరు మీద పెట్టి, మన తర్వాత ఎవరికి ఎలా చేరాలో రాసుకునే ఏర్పాటిది. ఇద్దరం ఒకే విమానం ఎక్కుతున్నాం, ఏమైనా అయితే పిల్లల సంగతేంటన్న టెన్షన్. ఆ భయం సబబే. అయితే హడావుడిగా సంతకాలు పెట్టి ఫైలు బీరువాలో పెట్టేస్తే పిల్లలకు ఒరిగేదేమీ ఉండదు.

ట్రస్టులో ఉన్న ఆస్తికి ప్రొబేట్, అంటే పోయినవారి ఆస్తిని కోర్టు ద్వారా పంచే తతంగం, అక్కర్లేదు. ఇక్కడ 10 లక్షల డాలర్ల ఆస్తి ప్రొబేట్ కోర్టుకు వెళ్తే చట్టం ప్రకారం లాయరు ఫీజు 23 వేల డాలర్ల దాకా, ఆ పంపకాలు చూసే ఎగ్జిక్యూటర్‌కు మరో 23 వేల దాకా పోతుంది. ఇంటి మీద ఎంత లోనున్నా మొత్తం విలువ మీదే లెక్క. టెక్సాస్‌లో ప్రొబేట్ ఇంత భారం కాదు కాబట్టి అక్కడివాళ్లు ముందు ట్రస్టు అవసరమో కాదో అడగండి.

ట్రస్టు రాశాక అసలు పని మొదలవుతుంది. ఇంటి డీడ్ (యాజమాన్య పత్రం) ట్రస్టు పేరు మీదకు మార్చి కౌంటీ రికార్డర్ ఆఫీసులో నమోదు చేయించాలి. బ్యాంకు, బ్రోకరేజి ఖాతాల సంగతీ అంతే. మారిస్తే బ్యాంకు లోనంతా ఒకేసారి కట్టమంటుందేమోనని కొందరు ఆగిపోతారు. మీరు ఉంటున్న ఇల్లు మీ సొంత రివొకబుల్ (మీరు ఎప్పుడైనా రద్దు చేసుకోగల) ట్రస్టులోకి వెళ్తే 1982 నాటి ఫెడరల్ చట్టం అలా అడగనివ్వదు. కాలిఫోర్నియాలో ఈ మార్పు వల్ల ప్రాపర్టీ ట్యాక్సూ పెరగదు.

రీఫైనాన్స్ (పాత లోను తీర్చి కొత్తది తీసుకోవడం) దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండి. మా ఇంటికి చేసినప్పుడు లోన్ ఇచ్చినవాళ్లు ఇంటిని ట్రస్టులోంచి తీసి మా పేర్ల మీదకు మార్పించారు. తిరిగి ట్రస్టులో పెట్టాలని మాకెవరూ చెప్పలేదు, రెండేళ్లు గడిచిపోయాయి. అందుకే ప్రయాణానికి ముందు మీ డీడ్ కాపీ తీసి ఎవరి పేరుందో మీ కళ్లతో చూడండి.

401(కె), ఐఆర్ఏ అనే రిటైర్మెంటు పొదుపు ఖాతాలను మాత్రం ట్రస్టు పేరుకు మార్చకండి. మారిస్తే ఆ డబ్బంతా బయటికి తీసినట్టే లెక్కేసి పన్ను వేస్తారు. వాటిలో బెనిఫిషియరీ (మీ తర్వాత డబ్బు అందుకునేవారి) పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు.

మైనరు పిల్లల గార్డియన్ పేరు ట్రస్టులో కాదు, విల్లులో రాయాలి. అమ్మమ్మ వాళ్లను రాసినా, వీసా దొరికి వాళ్లు వచ్చేదాకా పిల్లల్ని దగ్గర పెట్టుకునే మనిషి అమెరికాలో ఒకరుండాలి. ఇందులో మొహమాటపడొద్దు, ఆ స్నేహితుల్ని ముందే అడగండి.

తమ్ముడు నమ్మకస్తుడని హైదరాబాద్‌లో ఉన్నవాణ్ణి సక్సెసర్ ట్రస్టీగా, అంటే మన తర్వాత ట్రస్టును నడిపే మనిషిగా, రాస్తుంటారు. అమెరికా పౌరుడో నివాసో కానివారి చేతికి ట్రస్టు నిర్ణయాలు వెళ్తే పన్ను లెక్కల్లో అది ఫారిన్ ట్రస్టు అయిపోవచ్చు. అప్పుడు ఫారాలు, జరిమానాల బెడద పిల్లల మీద పడుతుంది. ట్రస్టీగా ఇక్కడివాళ్లను పెట్టి, తమ్ముడి సలహా తీసుకోమనండి.

ఊళ్లో పొలం, కూకట్‌పల్లి ఫ్లాట్ ఈ ట్రస్టులో కలపకండి. వాటికి ఇండియాలో విడిగా, ఇద్దరు సాక్షులతో వీలునామా రాయించండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మేలు. ఇక్కడి విల్లులో ‘ఇంతకుముందు రాసినవన్నీ రద్దు’ అన్న వాక్యం దాదాపు ప్రతిసారీ ఉంటుంది. అలాగే వదిలేస్తే అంతకుముందు ఇండియాలో రాసిన వీలునామా కూడా రద్దయ్యే ప్రమాదముంది. రెండింట్లోనూ ‘ఈ దేశంలోని ఆస్తుల వరకే’ అని లాయరుతో రాయించండి.

విమానం ఎక్కేలోపు ఒరిజినల్ ఫైలు ఎక్కడుందో సక్సెసర్ ట్రస్టీకి చూపించి, ఇంటి తాళం ఒకటి వాళ్లకివ్వండి.