పుస్తకంలో రాసుకున్న ఒక్క వాక్యాన్ని కథగా మలచడం ఎలా?

కథ రాయాలని ఉంది గానీ దేని గురించి రాయాలో తోచడం లేదని చాలామంది అంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళ నోట ఆ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. గురజాడ అప్పారావు, చాగంటి సోమయాజులు విజయనగరంలో ఉండి రాశారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి శ్రీకాకుళంలో పుట్టారు. కాళీపట్నం రామారావుది శ్రీకాకుళం జిల్లా మురపాక. తాము ఎరిగిన ఊళ్ళలోని, తాము ఎరిగిన మనుషుల మీదే వీళ్ళు కలం పెట్టారు. కనుక వస్తువు కోసం ఎక్కడికో వెళ్ళక్కరలేదు. ఎలా పట్టుకోవాలో, పట్టుకున్నదాన్ని ఏం చేయాలో తెలిస్తే చాలు. ఒకే ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా తీసుకెళ్తూ ఆ పని చెబుతాను.

రోజుకొక వాక్యం రాసుకోండి

జేబులో పట్టే చిన్న పుస్తకం ఒకటి కొనండి. రోజూ పడుకునే ముందు, ఆ రోజు కంటితో చూసినదో చెవితో విన్నదో ఒకే ఒక వాక్యంగా రాయండి. అభిప్రాయం రాయకూడదు. ‘పేదల బతుకులు దుర్భరం’ అని రాస్తే దాని నుంచి కథ పుట్టదు. నా పుస్తకంలోని మూడు వాక్యాలు ఇవి:

‘రేషన్ డిపోలో ముసలమ్మ నాలుగుసార్లు వేలు పెట్టింది, యంత్రం ఒప్పుకోలేదు, కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది.’

‘చెన్నై బస్సు వెళ్ళిపోయాక శ్రీకాకుళం బస్టాండులో ఒకామె చేతిలో అన్నం డబ్బా మిగిలిపోయింది.’

‘పైడితల్లి జాతరలో సిరిమాను చూడటానికి ముక్కూమొహం తెలియనివాళ్ళు మా మేడ ఎక్కారు, అందులో ఒకామె మాను వైపు చూడనే లేదు.’

నెల తిరిగేసరికి ముప్పై వాక్యాలు పోగవుతాయి. వాటిలో రెండు మూడు మిమ్మల్ని వదలవు. స్నానం చేస్తున్నా, బస్సులో కూర్చున్నా గుర్తుకొస్తూనే ఉంటాయి. రాయవలసినవి అవే. నన్ను వదలనిది మొదటి వాక్యం.

ఆ మనిషికి ఇవాళ ఏం కావాలి?

జాలి కలిగించే దృశ్యం ఒక్కటే ఉంటే అది వార్త అవుతుంది. కథ కావాలంటే ఆ మనిషికి ఒక అవసరం ఉండాలి, అది ఇవాళే తీరాలి, దానికి ఏదో అడ్డు తగలాలి. ముసలమ్మకు ‘న్యాయం’ కావాలని రాయకండి. న్యాయం కోసం ఎవరూ రేషన్ వరుసలో నిలబడరు. ఆమెకు బియ్యం కావాలి. అలిగి వెళ్ళిపోయిన అల్లుడు రెండేళ్ళ తర్వాత ఈ రాత్రి కూతురితో కలిసి భోజనానికి వస్తున్నాడు. డిపోలో బియ్యం ఇచ్చే ఆఖరి రోజు ఇవాళే. ఇంతవరకు తేలితే సగం కథ చేతికి వచ్చినట్టే.

ఎవరి కళ్ళతో చెప్పాలి?

కొత్తగా రాసేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒక పేరాలో ముసలమ్మ మనసులో ఉంటారు, తర్వాతి పేరాలో డీలరు మనసులోకి వెళతారు, ఆ పైన తామే వచ్చి వ్యాఖ్యానం చెబుతారు. చదివేవాడికి నిలబడే చోటు ఉండదు.

ఈ దృశ్యాన్ని ముగ్గురు చూడవచ్చు. ఒకరు ముసలమ్మ. రెండో వాడు యంత్రం పట్టుకుని కూర్చున్న కుర్రాడు, అతనే డీలరు. మూడో మనిషి వరుసలో ఆమె వెనక నిలబడిన ముప్పై ఏళ్ళ ఆమె. ఈమే, ముసలమ్మా ఇద్దరూ పలాస దగ్గర ఒకే చోట జీడిపిక్కలు కొడతారనుకోండి. పిక్క తొక్కలో ఉండే జీడినూనె చర్మాన్ని కాలుస్తుంది. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన వేళ్ళ మీద గీతలు అరిగిపోతే యంత్రానికి పోల్చుకునేందుకు ఏమీ దొరకదు. ముసలమ్మ వేలు ఎందుకు చెల్లడం లేదో వెనక ఉన్న ఆమెకు చప్పున అర్థమవుతుంది. తన వేలు చూసుకుంటుంది.

అదే దృశ్యాన్ని ముగ్గురి వైపు నుంచీ పదేసి వాక్యాల్లో రాసి చూడండి. ఒక సాయంత్రం పని. ముసలమ్మ వైపు నుంచి రాస్తే ఆమె బాధ చెప్పుకున్నట్టు ఉంటుంది. కుర్రాడి వైపు నుంచి రాస్తే చిరాకు, సిగ్గు కలిసిన మంచి కథే వస్తుంది. కానీ నేను మూడో ఆమెను ఎంచుకుంటాను. తన చేతిలో ఇంకా బియ్యం సంచి ఉండగానే, తన వేలు ఇంకా చెల్లుబాటులో ఉండగానే, రాబోయే ముప్పై ఏళ్ళు ఆమెకు ఎదురుగా నిలబడ్డాయి. ఎంచుకున్నాక మరొకరి మనసులోకి వెళ్ళకండి. డీలరు ఏమనుకున్నాడో ఆమెకు తెలియదు, కనుక మీకూ తెలియదు. అతని ముఖం మాత్రం చూడవచ్చు.

మొదలుపెట్టే చోటు

నా తొలి కథలో మొదటి నాలుగు పేజీలు ఊరి వర్ణన. నాగావళి, కొబ్బరి తోటలు, సూర్యోదయం. తిరిగి వచ్చిన ప్రతి మీద సంపాదకుడు అయిదో పేజీలో ఒక వాక్యం కింద గీత గీసి, ‘ఇక్కడ మొదలుపెట్టండి’ అని రాశారు. ఆ గీతకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

1910లో గురజాడ రాసిన ‘దిద్దుబాటు’ తీసి చూడండి. అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరి, తలుపు తీయమని పిలిచే భర్తతో మొదలవుతుంది. అతని చదువు, పెళ్ళి, కాపురం, ఏదీ ముందు చెప్పలేదు. అవసరమైనవన్నీ తర్వాత వాటంతటవే వస్తాయి. మన కథ యంత్రం రెండోసారి కాదన్న చోట మొదలవ్వాలి. అల్లుడి అలక సంగతి వరుసలో ఎవరో అడిగితే ఒక్క ముక్కలో తెలుస్తుంది.

మొదటి పేరా ఎంతకూ కుదరకపోతే శ్రీకాకుళంలోని కథానిలయానికి వెళ్ళండి. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒకచోట ఉండాలన్న తపనతో రామారావు మాస్టారు 1997లో దాన్ని నెలకొల్పారు. పాత పత్రికలు తిరగేసి, పది కథల మొదటి పేరాలు మీ చేతిరాతతో ఎక్కించుకోండి. ఫోనుతో ఫొటో తీస్తే ఈ పని జరగదు. రాస్తున్నప్పుడే ఏ మాట ఎక్కడ ఎందుకు పడిందో చేతికి తెలుస్తుంది.

వెళ్ళి అడగండి

తెలియని పనిని ఊహించి రాస్తే, ఆ పని చేసేవాళ్ళు రెండో వాక్యంలోనే పట్టేస్తారు. చేతులకు ఏం రాసుకుంటారు, బూడిదా, ఆముదమా? కూలి రోజుకా, కిలోకా? కూర్చుంటారా, నిలబడతారా? ఇంటికి వెళ్ళాక ఏ చేత్తో అన్నం కలుపుతారు? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు. అడగండి. జవాబు ఇచ్చినవారికి ఎందుకు అడుగుతున్నారో చెప్పండి, వాళ్ళ అసలు పేరు కథలో పెట్టకండి. తెచ్చుకున్న పది వివరాల్లో కథలోకి రెండు మూడు వస్తే చాలు. మిగిలినవి మీ వాక్యానికి ధైర్యం ఇస్తాయి.

మాట తీరు

కథనం అందరికీ తెలిసిన తెలుగులో నడిపి, సంభాషణలు మన ప్రాంతపు యాసలో రాయడం మంచి పద్ధతి. యాస అంటే ప్రతి మాటనూ విరిచి రాయడం కాదు. అక్షరాలు వంకర చేస్తే పాఠకుడు మనిషిని వదిలి అక్షరాలతో కుస్తీ పడతాడు. ‘బావూ’ అన్న ఒక్క పిలుపు చాలు, ఆ ముసలమ్మది ఏ ప్రాంతమో తెలిసిపోతుంది. పిల్లవాణ్ణి ‘గుంటడు’ అంటే చాలు. వాక్యం లయ వినండి, అడిగే తీరు వినండి. ముసలమ్మ డీలరును బతిమాలుతుందా, లేక వేరే సంగతి ఎత్తి మాట మళ్ళిస్తుందా? మాట మళ్ళిస్తుందనే నాకు అనిపిస్తుంది. అభిమానం గలవాళ్ళు కావలసినదాన్ని సూటిగా అడగరు.

ముగింపు

డీలరు మనసు కరిగి బియ్యం ఇచ్చాడని రాయవద్దు. ముసలమ్మ మెట్ల మీద ఒరిగి ప్రాణం విడిచిందనీ వద్దు. కథ ఎటూ తేలనప్పుడు రచయిత చావును పిలుస్తాడు, చదివేవాళ్ళకు అది తెలిసిపోతుంది. ఎవరి కళ్ళతో మొదలుపెట్టారో వాళ్ళ దగ్గరే ఆపండి. ముసలమ్మ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని పక్కకు తప్పుకుంటుంది. వెనక ఉన్న ఆమె వంతు వచ్చింది. ఆమె చెయ్యి శుభ్రంగానే ఉంది. అయినా బొటనవేలు కొంగుతో తుడుచుకుని యంత్రం మీద పెట్టింది. అక్కడ ఆపేయండి. యంత్రం ఏమందో చెప్పకండి.

దిద్దుకోవడం

రాసిన కాగితాలు మూడు వారాలు కంటికి కనపడకుండా దాచండి. తర్వాత తీసి గట్టిగా, వినపడేలా చదవండి. నాలుక తడబడిన చోటల్లా వాక్యం మార్చాలి. ‘పాపం’, ‘హృదయవిదారకం’, ‘కళ్ళు చెమర్చాయి’ వంటివి కొట్టేయండి. ఆమె దుఃఖపడిందని చెప్పిన వాక్యం, ఆ దుఃఖాన్ని చూపిన వాక్యం పక్కపక్కనే ఉంటే మొదటిదాన్ని తీసేయండి. ఇలాంటి కథకు పదిహేను వందల మాటలు సరిపోతాయి. మొదటి ప్రతి రెండు వేల అయిదు వందలు దాటినా కంగారు పడకండి, ఆ వెయ్యీ తీసేయడానికే రాశారు.

తర్వాత ఇద్దరికి వినిపించండి. ఒకరు కథలు బాగా చదివేవారు, మరొకరు ఆ పని ఎరిగినవారు. మొదటివారు ‘బాగుంది’ అంటే నమ్మకుండా ఎక్కడ విసుగు పుట్టిందో అడగండి. రెండోవారు తప్పని చెప్పిన చోట వాదించకుండా దిద్దండి.

పంపే ముందు ఆ పత్రిక మూడు సంచికలు చదవండి. మాటల పరిమితి పాటించండి. ఒక కథను ఒకేసారి రెండు పత్రికలకు పంపకండి. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. జవాబుకు నెలలు పట్టవచ్చు. ఆలోగా చిన్న పుస్తకం తెరిచి రెండో వాక్యం చూడండి. బస్సు వెళ్ళిపోయింది, అన్నం డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది. ఆమె ఇప్పుడు ఎటు నడుస్తుంది?