వర్డ్‌ప్రెస్ సైట్ హ్యాకర్ల చేతికి చిక్కకుండా ఎలా కాపాడుకోవాలి?

రోజుకు పదిమంది చూసే సైట్‌తో హ్యాకర్లకేం పని అనుకోకండి. మీ సైట్ మీద పడేది చాలావరకు మనిషి కాదు, బాట్, అంటే తనంతట తాను తిరిగే ప్రోగ్రామ్. అది వరసపెట్టి సైట్లన్నీ తడుముకుంటూ పోయి, లోపమున్న ప్లగిన్ (సైట్‌కు అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న ప్రోగ్రామ్) దొరికినచోట దూరుతుంది. దూరాక మీ సర్వర్ నుంచి స్పామ్ మెయిళ్లు పంపుతుంది, మీ పాఠకులను జూదం సైట్లకు మళ్లిస్తుంది. అందుకే పని ప్లగిన్ల దగ్గర మొదలుపెట్టాలి.

1. ప్లగిన్లు తగ్గించండి

డాష్‌బోర్డ్‌లో ప్లగిన్ల పేజీ తెరిచి, వాడనివన్నీ డిలీట్ చేయండి. డీయాక్టివేట్ చేసి వదిలేస్తే చాలదు, ఫైళ్లు సర్వర్‌లోనే ఉండిపోతాయి. 2020 సెప్టెంబరులో ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌లో ఒక లోపం బయటపడింది. అందులోని ఒక ఫైలును నేరుగా పిలిచి, లాగిన్ కాకుండానే ఎవరైనా తమ పీహెచ్‌పీ ఫైలును (సర్వర్‌లో నడిచే కోడ్ ఉన్న ఫైలు) సర్వర్‌లోకి ఎక్కించగలిగేవారు. అప్పటికి ఆ ప్లగిన్ 7 లక్షలకు పైగా సైట్లలో ఉంది.

ఉంచుకున్నవాటికి పక్కనే కనిపించే ఆటో అప్‌డేట్స్ ఆన్ చేయండి. ఏళ్ల తరబడి అప్‌డేట్ రాని ప్లగిన్ ఎంత బాగా పనిచేస్తున్నా మార్చేయండి. డబ్బులు పెట్టి కొనాల్సిన థీమ్ ఎక్కడైనా ఊరికే దొరికితే దాని జోలికి అసలు పోవద్దు. అలాంటివాటిలో దొంగదారి ముందే పెట్టి ఇవ్వడం మామూలే.

2. లాగిన్ గట్టి చేయండి

మీ పోస్టు మీదున్న రచయిత పేరు నొక్కి అడ్రస్ బార్ చూడండి. చాలా సైట్లలో యూజర్‌నేమ్ అక్కడే కనిపిస్తుంది. ఇక మిగిలింది పాస్‌వర్డే. అది ఎన్నిసార్లు తప్పు కొట్టినా వర్డ్‌ప్రెస్ తనంతట తాను ఆపదు. కాబట్టి రాసేందుకు ఎడిటర్ స్థాయి ఖాతా వేరేగా పెట్టుకుని, అడ్మిన్ ఖాతాను నిర్వహణకే ఉంచండి. లాగిన్ ప్రయత్నాలకు పరిమితి పెట్టే ప్లగిన్ ఒకటి, టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్‌లో వచ్చే కోడ్ కూడా అడిగే పద్ధతి) ఒకటి తప్పనిసరి. హోస్టింగ్, డొమైన్ ఖాతాలకూ, వాటికి ఇచ్చిన ఈమెయిల్‌కూ టూ ఫ్యాక్టర్ పెట్టండి. ఆ మెయిల్ పోతే అన్నీ పోయినట్టే.

3. హెచ్‌టీటీపీఎస్

హెచ్‌టీటీపీఎస్‌కు కావాల్సిన సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇస్తుంది, చాలా హోస్టింగ్‌లలో ఒక్క బటన్ పని. అయితే ఇది దారిలో వెళ్లే సమాచారాన్ని కాపాడుతుందే తప్ప, ప్లగిన్ లోపాన్ని పూడ్చదు.

4. బ్యాకప్ బయట పెట్టండి

ఏళ్లుగా రాసుకున్నదంతా డేటాబేస్‌లో ఉంటుంది, ఫొటోలు అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. రెండూ బ్యాకప్‌లో ఉండాలి. ఆ బ్యాకప్ అదే సర్వర్‌లో ఉంటే సైట్‌తోపాటే పోతుంది. గూగుల్ డ్రైవ్‌లోనో, ఇంట్లో హార్డ్ డిస్క్‌లోనో దాచండి. చొరబాటు వారాల తరబడి బయటపడకపోవచ్చు, అందుకని నిన్నటిదొక్కటే కాక పాత కాపీలూ ఉంచుకోండి.

5. అనుమానం వస్తే

కొన్ని మాల్‌వేర్లు (హ్యాకర్లు సైట్‌లో పెట్టే హానికర కోడ్) మహా గడుసువి. అడ్రస్ కొట్టి నేరుగా వెళ్తే సైట్ బాగానే కనిపిస్తుంది, గూగుల్ నుంచి వచ్చినవాళ్లు మాత్రం ఇంకెక్కడికో పోతారు. కాబట్టి అప్పుడప్పుడు లాగిన్ కాని ఫోన్‌లో గూగుల్‌లో వెతికి సైట్ తెరిచి చూడండి.

తేడా కనిపిస్తే పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, యూజర్ల జాబితాలో తెలియని అడ్మిన్‌ను తీసేయండి. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఫొటోల మధ్య పీహెచ్‌పీ ఫైళ్లేమైనా ఉన్నాయేమో వెతకండి. తర్వాత సర్వర్‌లోని ఫైళ్లన్నీ తీసేసి, చొరబాటుకు ముందటి బ్యాకప్ ఎక్కించి, వెంటనే పాస్‌వర్డ్‌లు మళ్లీ మార్చి (పాత బ్యాకప్‌తో పాతవే తిరిగొస్తాయి), అప్‌డేట్లు చేయండి. లేకపోతే అదే కంతలోంచి మళ్లీ వస్తారు. గూగుల్ హెచ్చరిక పెట్టి ఉంటే, అంతా శుభ్రం చేశాకే సైట్ యజమానుల కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ కన్సోల్‌లో రివ్యూ కోరండి.