ఫ్లష్ ట్యాంకులో నీళ్లు ఆగకుండా కారుతుంటే ఏం చేయాలి?

కమోడ్ ట్యాంకులో నీళ్లను ఆపేవి రెండే. ట్యాంకు నిండగానే బయటి నుంచి వచ్చే నీళ్లను కట్టేసేది ఇన్‌లెట్ వాల్వ్. నిండిన నీళ్లు కమోడ్‌లోకి జారిపోకుండా అడుగున మూసి ఉంచేది ఫ్లష్ వాల్వ్. నీళ్లు ఎడతెగకుండా కారుతున్నాయంటే ఈ రెంటిలో ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదన్నమాట. అదేదో తేల్చుకోకుండా షాపుకి వెళ్తే సెట్టు మొత్తం మార్చమంటారు. చాలాసార్లు పాడైంది అడుగునున్న రబ్బరు వాషర్ ఒక్కటే అయి ఉంటుంది.

ముందు మూత తీయాలి. పైన నొక్కే బటన్ ఉన్న ట్యాంకైతే బటన్ చుట్టూ ఉన్న రింగును ఎడమవైపు తిప్పితే చాలావాటిలో ఊడొస్తుంది. పింగాణీ మూతను నేల మీద గుడ్డ పరిచి పెట్టండి. అంచు తగిలితే పగులుతుంది, విడిగా మూత దొరకడం కష్టం.

మూత తీయగానే కారడం ఆగిపోయిందా? అయితే వాల్వులు రెండూ బాగానే ఉన్నాయి. బటన్ కింద ఉన్న కడ్డీ మరీ పొడవుగా ఉండి వాల్వును ఎప్పుడూ కొంచెం నొక్కి పెడుతోంది. ఆ కడ్డీ స్క్రూలాగా తిరుగుతుంది. దాన్ని రెండు మూడు చుట్లు పొట్టి చేసి, కడ్డీకీ వాల్వుకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండేలా చూస్తే పని అయిపోయినట్టే.

ఆగకపోతే ట్యాంకు మధ్యలో నిలువుగా ఉన్న ఓవర్‌ఫ్లో గొట్టం చూడండి. దాని అంచు మీదుగా నీళ్లు లోపలికి పొర్లుతుంటే తప్పు ఇన్‌లెట్ వాల్వ్‌ది. నీటి మట్టం గొట్టం అంచుకు కిందే ఉండి, కాసేపటికోసారి ‘సుయ్’మంటూ ట్యాంకు తనంతట తాను నిండుతుంటే తప్పు ఫ్లష్ వాల్వ్‌ది. అప్పటికీ అనుమానంగా ఉంటే గోడ దగ్గర, ట్యాంకుకు నీళ్లు వదిలే చిన్న కుళాయిని (యాంగిల్ కాక్) కట్టేసి, మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగండి. గీత దిగువకు మట్టం పడిపోతే అడుగున కారుతున్నట్టే. బట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసినా తెలిసిపోతుంది, కమోడ్‌లో నీలం కనిపిస్తుంది.

ఈ కారుడు చూడ్డానికి దారంలా సన్నగా ఉంటుంది. కానీ ట్యాంకు లోపల 35 సెం.మీ. పొడవు, 15 సెం.మీ. వెడల్పు ఉంటే, మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గిందంటే అర లీటరుకు పైగా పోయినట్టు. పది నిమిషాలకో సెంటీమీటరు చొప్పున రోజుకు దాదాపు 75 లీటర్లు. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

ఫ్లష్ వాల్వ్ బాగుచేయడానికి యాంగిల్ కాక్ కట్టి, ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చేయండి. ఏళ్ల తరబడి తిప్పని కాక్ బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా తిప్పొద్దు, గోడలోనే విరిగే ప్రమాదం ఉంది. మేడ మీది గేట్ వాల్వ్ కట్టేయండి. తర్వాత వాల్వును రెండు చేతులతో పట్టుకుని ఎడమవైపు పావు చుట్టు తిప్పి పైకి లాగితే వచ్చేస్తుంది. కొన్నింటికి పక్కన క్లిప్పులు ఉంటాయి, వాటిని నొక్కాలి. అడుగున గుండ్రటి పల్చటి వాషర్ కనిపిస్తుంది. వేలితో చుట్టూ తడమండి. గట్టిపడినా, అంచు వంకరపోయినా, జిగటగా నల్లరంగు అంటుతున్నా దాని ఆయుష్షు తీరింది. మెత్తగానే ఉండి తెల్లటి సున్నం పేరుకుని ఉంటే పారేయాల్సిన పని లేదు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. ఒక మగ్గు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. వాషర్ ఆనుకునే సీటును కూడా అదే నీళ్లతో తుడవండి. అక్కడ చిన్న ఇసుక రేణువు మిగిలినా కారుడు ఆగదు. బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం వద్దు, రబ్బరు దెబ్బతింటుంది. ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్లలదీ అదే దోషం.

కొత్త వాషర్ కొనేటప్పుడు పాతది చేతిలో ఉండాలి. కంపెనీకో కొలత, అంచనా మీద తెచ్చింది అతకదు.

ఇన్‌లెట్ వాల్వ్ విషయంలో ముందు ఫ్లోట్, అంటే నీళ్ల మీద తేలే డబ్బా, చూడండి. అది ట్యాంకు గోడకు రాసుకుంటూ ఇరుక్కోవచ్చు, లేదా లోపల నీళ్లు చేరి బరువెక్కి తేలకపోవచ్చు. చేత్తో పైకి ఎత్తితే నీళ్లు ఆగుతున్నాయంటే వాల్వ్ మంచిదే. పక్కనున్న మరను తిప్పి, మట్టం ఓవర్‌ఫ్లో అంచుకు రెండు మూడు సెంటీమీటర్లు కిందే ఆగేలా సరిచేయండి. ఎత్తినా ఆగకపోతే లోపలి వాషర్ దగ్గర ఇసుకో సున్నమో చేరింది. కాక్ కట్టి, వాల్వ్ పై మూత విప్పి, దాని మీద మగ్గు బోర్లించి, కాక్ క్షణకాలం తెరవండి. చెత్త నీళ్లతో పాటు బయటికొస్తుంది. దానికీ లొంగకపోతే వాల్వ్ మొత్తం మార్చడమే మేలు. కొనేముందు ట్యాంకులోకి నీళ్లు తెచ్చే గొట్టం పక్క నుంచి వస్తోందా, కింది నుంచి వస్తోందా చూసుకోండి, రెండూ వేర్వేరు రకాలు. కనెక్షన్ పైపు నట్టులో రబ్బరు వాషర్ ఉంటుంది కాబట్టి అక్కడ టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. ప్లాస్టిక్ నట్టును చేత్తో బిగించి, పానాతో ఇంకో పావు చుట్టు తిప్పితే చాలు. అంతకు మించితే చీలుతుంది.

గోడలో దాచిన ట్యాంకైతే దారి బటన్ పలక వెనకాలే. పలక తీశాక లోపల చిన్న కాక్ ఉంటుంది, ముందు దాన్ని కట్టండి. ఆ సందులోంచి చేయి పెట్టి విప్పే ప్రతి ముక్కనూ విప్పకముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. లేకపోతే తిరిగి బిగించేటప్పుడు ఏది ఎటు తిరిగి ఉందో తెలియదు.