లాక్‌డౌన్ పరిహారం రాకపోతే ఎక్కడ వెతకాలి

బెంగళూరు దగ్గరి హోసకోట, దేవనహళ్లి చుట్టుపక్కల పూలు, కూరగాయలు వేసే మన తెలుగు రైతులకు లెక్క ముందు తెలియాలి. కరోనా లాక్‌డౌన్ నష్టానికి కర్ణాటక ప్రభుత్వం 2020లో పూలకు హెక్టారుకు 25,000 రూపాయలు, 2021లో పూలు, పండ్లు, కూరగాయలకు హెక్టారుకు 10,000 ప్రకటించింది. రెండుసార్లూ ఒక హెక్టారే గరిష్ఠం. హెక్టారంటే రెండున్నర ఎకరాలకు కాస్త తక్కువ కాబట్టి, 2021 లెక్కన ఎకరానికి సుమారు 4,000.

ఇలాంటి సాయానికి మొదట చూడాల్సింది పహణీ, అంటే భూమి ఎవరిది, ఏ పంట ఉందో చెప్పే రికార్డు. తాత పేరు మీదే ఉంటే దున్నేది మీరైనా డబ్బు మీకు రాదు. ముందు పౌతి ఖాతా చేయించుకోండి, అంటే చనిపోయినవారి భూమిని వారసుల పేరుకు మార్పించుకోండి. అన్నదమ్ములది ఉమ్మడి ఖాతా అయితే ఎవరి వాటా ఎన్ని గుంటలో తేల్చుకోండి. పంట కాలమ్ కూడా చదవండి: చేలో చామంతి, కాగితంలో రాగి ఉంటే పూల పరిహారం అడగడం కష్టం. పంట సర్వే జరిగేటప్పుడే సరిచేయించాలి, కోత అయ్యాక ఆధారం మిగలదు.

తర్వాత ఆధార్, పహణీ, పాస్‌బుక్ తీసుకుని వ్యవసాయ శాఖ రైత సంపర్క కేంద్రంలో ఫ్రూట్స్ నంబరు (కర్ణాటకలో రైతు నమోదు నంబరు) తీయించుకోండి. మీ సర్వే నంబర్లన్నీ అందులో ఎక్కాయో లేదో అక్కడే చూసుకోండి.

చాలామంది పొరబడేది బ్యాంకు దగ్గర. ఖాతాకు ఆధార్ ఇచ్చినంత మాత్రాన చాలదు, నేరుగా జమయ్యే డబ్బు ఆధార్‌కు చివరిగా మ్యాప్ అయిన, అంటే సీడింగ్ జరిగిన ఖాతాకే వెళ్తుంది. మై ఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడండి. వాడని పాత ఖాతా కనిపిస్తే, మీరు వాడే బ్యాంకులో సీడింగ్ ఫారం ఇవ్వండి.